కొండ మీదికి మోసిన చేపలు

దాలయ్య గురువుగారి ఆశ్రమంలో చేప వాసన తగిలితే గిన్నెలు మూడుసార్లు తోమించేవారు. ఆయనది ఒంటిపూట భోజనం. అదీ గంజన్నం, ఏదో ఆకుకూర. అలాంటి మనిషి ఏటా భాద్రపదం వెళ్ళీ వెళ్ళగానే వెదురు గాలం భుజాన వేసుకుని, రెండు మట్టికుండలు కావిడికి కట్టుకుని, కొండ మీదికి చేపలవేటకు పోయేవారు. నాలుగైదు రోజులకు గాని దిగేవారు కారు.

శిష్యులకు ఇది ఎంతకీ మింగుడుపడేది కాదు. గురువుగారు బెస్తవారింట పుట్టారనీ, ముప్పై అయిదేళ్ళు వచ్చేదాకా ఆ కొండల్లో చేపలు పట్టుకునే బతికారనీ అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన సర్దిచెప్పుకోవడం తేలికా? ఒక పెద్దమనిషి అది గాలం కాదు, యోగదండమని నమ్మబలికాడు. మరి దారం, ముల్లు ఎందుకున్నాయని ఎదుటివాడు అడిగేసరికి ఏదో పని గుర్తొచ్చి లేచిపోయాడు. సంతలో గిట్టనివాళ్ళు “ఏడాదంతా పత్యం, ఏడాదికోసారి పులుసు” అని నవ్వుకునేవాళ్ళు. ఆ మాట గురువుగారి చెవిన కూడా పడింది. “పులుసు బాగుంటాది గదా” అని ఊరుకున్నారు.

ఒక ఏడు ఆయన ప్రయాణానికి ముందురోజు పొద్దున్నే లింగమూర్తి వచ్చాడు. కొండ దిగువ ఊళ్ళో తపాలా ఆఫీసు గుమాస్తా అతను. ఎనిమిదేళ్ళుగా శిష్యుడు. అరుగు మీద కూర్చుని కాసేపు కండువా అంచు మెలిపెట్టి, చివరికి అడిగాడు.

“గురువుగారూ, ఒకరిలో ఉన్న మంచిని ఇంకాస్త పైకి తేవాలనుకోవడం తప్పంటారా?”

“ఎవుర్లోరా?” అన్నారు గురువుగారు, గాలపు దారం చిక్కు తీసుకుంటూ.

ఎవరిలోనో కాదు, అతని భార్య నూకరత్నంలోనే. నూకరత్నం పాడేది. నేర్చుకుని కాదు. వాళ్ళమ్మ పాడుతుంటే వినీ వినీ పట్టుబడ్డ పాటలు. రోటి దగ్గర పప్పు రుబ్బుతూ పాడుకునేది. సగం చరణాలు మరిచిపోయి, ఆ ఖాళీల్లో ఊఁ కొట్టుకుంటూ వెళ్ళిపోయేది. పెళ్ళయిన కొత్తలో ఆ పాట అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడిపోయి లింగమూర్తి ఆఫీసుకు ఆలస్యంగా పోయేవాడు. అంతటితో ఆగితే ఏ గొడవా లేదు. ఇంత గొంతు రోటి పాలు అవుతోందే అని అతనికి మనసులో పీకడం మొదలైంది. ఆదివారాలు హార్మోనియం మాస్టారిని ఇంటికి పిలిపించాడు. రోటి పక్కన టేప్ రికార్డరు పెట్టాడు. చుట్టాలొస్తే కాఫీ కంటే ముందు టేపు వినిపించేవాడు. ఆఖరికి టౌన్‌హాల్లో పోటీకి ఆమె పేరిచ్చాడు. ఆమె పాడింది, రెండో బహుమతి కూడా వచ్చింది. బహుమతి ఇచ్చిన పెద్దాయన ఎక్కడెక్కడ శ్రుతి తప్పిందో మైకులోనే ఓపిగ్గా చెప్పాడు.  మర్నాడు పొద్దున ఆమె పప్పు రుబ్బింది. రోలు చప్పుడు ఒక్కటే వినపడింది. అది జరిగి అప్పటికి ఏడాదిన్నర.

“రోజూ అడుగుతూనే ఉన్నానండీ,” అన్నాడు లింగమూర్తి. “బతిమాలాను. కోప్పడ్డాను. ‘రావట్లేదండీ’ అంటుంది, అంతే. ఇల్లు ఇల్లులా లేదు గురువుగారూ. కార్తీకంలో గురుపూజకు వస్తుంది కదా, మీరు ఒక్క మాట పాడమ్మా అనండి. గురువు మాట కాదనదు.”

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గురువుగారు దారం చిక్కు తీయడం ఆపి అతన్ని కాస్త ఎక్కువసేపే చూశారు.

“రేపు కొండకి ఎల్తన్నాను,” అన్నారు. “ముసిలోడినైపోనాను, ఒక కుండ మోసీవోడు కావాల. వొస్తావా?”

అడిగినదానికీ ఈ మాటకీ ఏం పొత్తో లింగమూర్తికి బోధపడలేదు. కానీ గురువు రమ్మన్నాక ఎందుకని అడిగేంత ధైర్యం అతనికి లేదు. ఆఫీసుకు సెలవు చీటీ పంపించి, తెల్లారేసరికి గుమ్మం ముందు నిలబడ్డాడు.

ఆ కొండల్లో వాగును గెడ్డ అంటారు. దిగువ ఏటి ఒడ్డున బయలుదేరి పైకి ఎక్కుతుంటే గెడ్డ తరవాత గెడ్డ అడ్డం వస్తూనే ఉంటుంది. లింగమూర్తి పుట్టి పెరిగింది ఆ కొండల పాదాల దగ్గరే అయినా, పైన ఏముందో ఒక్కనాడూ చూసినవాడు కాడు. మొదటి గెడ్డ దగ్గరే అతను నిలబడిపోయాడు. అదంతా ఒకే రాయి. రెండు ఊళ్ళ కళ్ళాలు కలిపినంత పలక మీద నీళ్ళు చీలమండ లోతున పల్చగా పరుచుకుని పారుతున్నాయి. ఎండ సూటిగా అడుగుదాకా దిగింది. రాతి మీద నల్లటి నీడలు అటూ ఇటూ పరిగెడుతున్నాయి గాని, ఆ నీడలు వేటివో కనిపించలేదు.

“ఇక్కడ ముందు నీడని సూడాల,” అన్నారు గురువుగారు. “నీడకి ఒక జేనెడు ఇవతల ఎతికితే సేప దొరుకుద్ది. నాకిది తెలియడానికి రెండేల్లు పట్టింది.”

ఆ తరవాతిది చెవితో చూడవలసిన గెడ్డ. పెద్ద బండరాళ్ళ కిందికి దూరి మాయమైపోతుంది. రాళ్ళ మీద నడుస్తుంటే కాళ్ళ కింద ఎక్కడో నీళ్ళు మాట్లాడుకుంటున్నట్టు వినపడుతుంది, చుక్క కూడా కనపడదు. రెండు వందల అడుగులు పోయాక ఒక రాతి నోట్లోంచి ఒక్కసారిగా బయటికి దూకుతుంది. ఆ నీళ్ళు దోసిట పట్టి తాగితే పళ్ళు జివ్వుమన్నాయి. పడుచుతనంలో గురువుగారు అక్కడ గాలం పక్కన పడేసి రాతికి చెవి ఆనించి ఒక పూటంతా పడుకునేవారట. ఆయన చేపల కోసమే కొండలన్నీ తిరుగుతున్నాడని ఇంట్లోవాళ్ళు అనుకునేవాళ్ళు. సగం తిరుగుడు నీళ్ళు చూడటానికే.

ఇంకా పైకి పోతే ఆకులు రాలి మాగిన అడవిలోంచి టీ డికాక్షను రంగులో ఒక గెడ్డ దిగుతుంది. అవతలి లోయలోంచి వచ్చే పచ్చటి గెడ్డతో కలుస్తుంది. కలిశాక కూడా రెండు రంగులూ పక్కపక్కనే చాలా దూరం విడివిడిగా పోతాయి. లింగమూర్తి తన బాధ కాసేపు మరిచిపోయాడు. కుండ కిందికి దించి చేతులు చాచాడు.

“ఎంత అందమండీ ఇది! ఇది ఇలా ఎవరికీ తెలియకుండా పడి ఉందేమిటండీ? ఇక్కడ ఒక మంటపం కట్టించి, కిందినుంచి మెట్లు వేయిస్తేనా, ఎంతమంది చూసి తరిస్తారు!”

“ఏయిస్తే ఏటవుద్ది?” అని అడిగారు గురువుగారు.

 సమాధానం కోసం ఆగకుండా కావిడి సర్దుకుని ముందుకు నడిచారు.

మధ్యాహ్నం దాటాక జలపాతం కిందికి చేరారు. మూడు తాటిచెట్ల ఎత్తు ఉంటుంది. ఏ చేపా దాన్ని ఎక్కి పైకి పోలేదు. పక్కనున్న రాళ్ళ దారిన, చెట్ల వేళ్ళు పట్టుకుని పైకెక్కితే అక్కడొక మడుగు ఉంది. అడవి అరటిచెట్లు దాని మీదికి వంగి ఉన్నాయి. నీళ్ళు అంత తేటగా ఉంటాయని లింగమూర్తి ఎప్పుడూ అనుకోలేదు. నిలువు లోతున ఇసుకలో పడ్డ ఎండుటాకు ఈనెలతో సహా కనిపిస్తోంది.

మడుగు ఒడ్డున ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకరు పైగూడెం ముసలమ్మ కాసులమ్మ. రెండో మనిషి ఆ ఏడే గూడేనికి వచ్చిన కొత్తకోడలు. కొత్తకోడలు పసుపు చీర మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని, పాదాలు నీళ్ళలో పెట్టి, కదలకుండా వాటినే చూస్తోంది. ముసలమ్మ కూడా చూస్తోంది. గురువుగారు లింగమూర్తి చేయి పట్టుకుని అక్కడే ఆపేశారు.

చాలాసేపు అలా గడిచింది. ఏమీ జరగలేదు.

“సాల్లే, లెగు,” అంది కాసులమ్మ.

“ఏటవ్వా, ఏటీ రానేదు?” అంది పిల్ల.

“మా అత్త నన్ను కూకోబెట్టింది, నాను నిన్ను కూకోబెట్టినాను. అంతే మరి. లెగు, సలికి నానిపోతావు.”

ఆ పిల్ల ఇంకోసారి నీళ్ళలోకి చూసి లేచింది. కాసులమ్మ ఇటు తిరిగి గురువుగారిని చూసి, రోజూ చూసే మనిషిని పలకరించినట్టు పలకరించింది. “వొచ్చినావా గురువా. ఇయ్యేడు మూడు సోట్ల పిల్లలెట్టినాయి నీ సేపలు. ఆ రాతి కింద ఒకటి, ఆ మూల రెండు.”

ఆమె గొంతులో కోపం లేదు. అయినా “నీ సేపలు” అన్నప్పుడు గురువుగారి తల వంగిపోవడం లింగమూర్తి చూశాడు. ఎనిమిదేళ్ళలో ఆ తల ఎవరి ముందూ వంగగా అతను చూడలేదు.

ఆడవాళ్ళు వెళ్ళిపోయాక గురువుగారు గాలానికి ముల్లు కట్టుకుంటూ చెప్పారు. ఆ మడుగులో ఒకప్పుడు వేలెడేసి చేపలు ఉండేవి. లెక్కలేనన్ని. పోడు పొలాల్లో పని చేసి వచ్చిన గూడెం జనం సాయంత్రం పూట అక్కడ కాళ్ళు పెట్టి కూర్చుంటే, అవి గుంపుగా వచ్చి మడమల పగుళ్ళలో మట్టీ, ఎండిన తోలూ పీక్కుతినేవి. వాటిని పట్టుకోకూడదని గూడెంలో ఒట్టేమీ లేదు. కాళ్ళు కడిగే చేపల్ని ఎవరు తింటారు? కొత్తకోడలు వస్తే ముందు ఇంటికి కాదు, ఇక్కడికి తెచ్చేవాళ్ళు. చేపలు పాదాలకు ముసురుకుని కితకితలు పెడితే ఆ పిల్ల బెదురంతా పోయి నవ్వేది. ఆ నవ్వు విన్నాకే గడప దాటించేవాళ్ళు.

“కాసులమ్మ కోడలై వొచ్చిన ఏడు నాను ఈడే ఉన్నాను,” అన్నారు గురువుగారు. “అది నవ్వితే అవతల కొండ పలికింది. ఆ నీలు సూసి నాకు మతిపోనాది. ఎన్ని గెడ్డలు సూసినాను, ఇలాటిది నేదు. ఇంత మడుగులో గాలానికి తగిన సేప ఒక్కటీ నేదే అనిపించినాది. అదొక్కటీ ఉంటే ఇంకేటి లోటు?”

గురువుగారు చేసిన తప్పల్లా ఇదే. దిగువ ఏటిలో బలమైనవి ఏరి అయిదు కొరమీనుల్ని పట్టారు. కొరమీను చిన్న చేపల్ని మింగి పెరిగేది, గాలి పీల్చుకుని బతకగలిగేది, కుండలో వేసి తడిగుడ్డ కడితే ఎంత దూరమైనా వస్తుంది. గెడ్డ గెడ్డ దగ్గరా నీళ్ళు మారుస్తూ, కావిడి కుదపకుండా, ఒక్క రోజులో జలపాతం పైకి తెచ్చి మడుగులో వదిలారు. “ఆ దినమున్నంత సంతోసం నాకు మల్లీ ఎప్పుడూ నేదురా,” అన్నారు. రెండేళ్ళకు చేతి పొడుగు చేప పడింది. గూడెమంతా పులుసు వండుకుని, ఆయనకు తలపాగా చుట్టి, భుజాన ఎక్కించుకుని తిప్పారు. నాలుగో ఏడు ఎవరో, ఈమధ్య కాళ్ళకు కితకితలు తెలియడం లేదేమిటన్నారు. అయిదో ఏడు గూడేనికి కోడలు వస్తే, కాసులమ్మ తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఒక్క చేపా రాలేదు. ఆ పిల్ల తనదే ఏదో దోషమనుకుని ఏడ్చింది.

“ఆల్లు ఎల్లిపోయినాక నాను గూడా కాల్లెట్టి కూకున్నాను,” అన్నారు గురువుగారు. “పొద్దు వాలీదాకా కూకున్నాను.”

కొండ దిగి ఆయన వల అమ్మేశారు. గురువును వెతుక్కుంటూ పోయారు. శాస్త్రాలు వినగా వినగా ఆయనకు వైరాగ్యం కలిగిందని శిష్యులు చెప్పుకుంటారు. లింగమూర్తి కూడా అలాగే చెప్పేవాడు. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే అతనికి సిగ్గేసింది.

మూడు రోజులు మడుగు ఒడ్డునే ఉన్నారు. గురువుగారు ముల్లుకు ఎర పెట్టరు. ఎర్ర గుడ్డపేలిక ఒకటి కట్టి నీళ్ళ పైన ఎగరేస్తారు. పిల్లలకు కాపలా కాసే కొరమీను దగ్గరికి ఏది వచ్చినా ఊరుకోదు, కోపంతో వచ్చి అందుకుంటుంది. పడిన చేపను ఆయన ముల్లు తీసి, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, కుండలోకి దించేవారు. కిందికి మోసుకుపోయి ఏటిలో వదలాలి. వాటిని చంపడానికి వాటి తప్పేముంది? తరవాత నీళ్ళలోకి దిగి, ఎర్రగా గుంపుకట్టి తిరిగే పిల్లల్ని పైపంచెతో దేవేవారు. డెబ్బై ఏళ్ళ మనిషి, చలికి పెదవులు నల్లబడేవి. లింగమూర్తి రెండో కొస పట్టుకునేవాడు. ఎంత జాగ్రత్తగా దేవినా పంచె అంచుమీదుగా కొన్ని జారిపోయి రాళ్ళ కిందికి దూరేవి. వచ్చే ఏడు చేపలు అవే.

మూడో రోజు లింగమూర్తి ఉండబట్టలేకపోయాడు. “ఇలా అయితే ఇవి ఎప్పటికీ అవవు గురువుగారూ. ఏదో చెట్టు బెరడు దంచి కలిపితే చేపలన్నీ ఒక్క పూటలో పైకి తేలతాయంటారు కదా?”

“తేల్తాయి,” అన్నారు గురువుగారు. “ఏ రాతి కిందన్నా సిన్నది ఒక్కటి మిగిలుంటే, అదీ తేల్తాది.”

నాలుగో రోజు పొద్దున కుండల్లో ఏడు పెద్ద చేపలు ఉన్నాయి, పిల్లలు వేరే. కొండ దిగే ముందు లింగమూర్తి చెప్పులు విడిచి మడుగులో పాదాలు పెట్టి కూర్చున్నాడు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. నీళ్ళు ఎముకలదాకా చల్లగా తగిలాయి. అతని కాళ్ళ చుట్టూ ఏమీ కదలలేదు. కూర్చున్న కొద్దీ అతనికి ఇల్లే కళ్ళ ముందు ఆడింది. రోటి పక్కన చెక్కపీట మీద టేప్ రికార్డరు ఇంకా అక్కడే ఉంది. రోజూ ఆమె దాన్ని పక్కకి జరిపి పప్పు పోసుకుంటుంది, పని అయ్యాక మళ్ళీ ఎక్కడ ఉన్నదాన్ని అక్కడ పెడుతుంది. బహుమతి కప్పు గుమ్మానికి ఎదురుగా ఉంది. ఆదివారం ఆదివారం హార్మోనియం మాస్టారు వచ్చి టీ తాగి, ఈ వారమైనా అమ్మాయి గొంతు విప్పుతుందా అని అడిగిపోతూనే ఉన్నాడు. తను ప్రతి పూటా వంటింటి గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించి వింటూనే ఉన్నాడు. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఒక్కటీ తీయలేదు. తీయాలన్న ఆలోచనైనా రాలేదు. నేను ఎంత పని చేశాను అనుకున్నాడు. 

లేచి తడికాళ్ళతోనే వచ్చి గురువుగారి ఎదుట నిలబడ్డాడు.

“గురుపూజకి నూకరత్నంతో ఏమీ అనకండి గురువుగారూ.”

“ఊఁ,” అన్నారు ఆయన, కుండ మూతికి తడిగుడ్డ బిగిస్తూ.

“ఎన్నేళ్ళయిందండీ మీరు ఇలా దింపడం మొదలుపెట్టి?”

“ఒక్క దినం మోసినాను పైకి. ముప్పై ఏల్లు దాటింది, ఇంకా దించతన్నాను.”

లింగమూర్తి మడుగు వైపు మరొక్కసారి చూశాడు. అడగకుండా ఉండటం అతని వల్ల కాలేదు.

“ఇవన్నీ పోతే, ఆ చిన్నవి మళ్ళీ వస్తాయంటారా? ఒక్కసారైనా మీరు వాటిని రమ్మని, ఏ మొక్కైనా మొక్కారా?”

గురువుగారు ఒక కొసకు కుండ, రెండో కొసకు మూట కట్టిన కావిడిబద్ద భుజానికి ఎత్తుకుని, బరువు సరిచూసుకుని, రాళ్ళ దారి వైపు తిరిగారు.

“రమ్మనడానికి నాకు మొకమేదిరా? నాను తెచ్చినయి నాను అట్టుకుపోతన్నాను, అంతే. నీ కుండ నువ్వు ఎత్తుకో.”